నొప్పి మాత్రలూ ఫస్ట్ నేషన్స్ ఊళ్ళూ: కొత్తగా చేరబోతున్న ఫార్మసిస్టుకు

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇదీ. ఉత్తర ఒంటారియోలో ఒక చిన్న పట్టణంలో ఫార్మసిస్టు ఉద్యోగం వచ్చింది, జనవరిలో చేరుతున్నారు. షాపుకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఫస్ట్ నేషన్స్ వాళ్ళు, అంటే కెనడా మూలవాసులు. "వాళ్ళకి నొప్పి మాత్రల పిచ్చి, ఏవో కథలు చెప్పి పట్టుకుపోతారు, జాగ్రత్త" అని టొరంటోలో ఉన్న మన తెలుగువాళ్ళే మిమ్మల్ని భయపెట్టారు. అది నిజమా, నిజమైతే వాళ్ళకే ఎందుకిలా అయింది, కౌంటర్ దగ్గర ఎలా ఉండాలి అని అడిగారు. నేను ఆ వైపు 16 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. తెలిసింది దాచుకోకుండా చెప్తాను. పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నష్టం నిజమే, చిన్నదేం కాదు. బ్రిటిష్ కొలంబియాలో 2023లో కల్తీ మత్తుమందుల వల్ల ఫస్ట్ నేషన్స్ వాళ్ళు మిగతా జనం కంటే దాదాపు 6 రెట్లు ఎక్కువగా చనిపోయారు. అమెరికాలోనూ అంతే. 2022లో ఓవర్‌డోస్ చావులు దేశం మొత్తం మీద లక్షకు 32 పైచిలుకు ఉంటే, అక్కడి మూలవాసుల్లో లక్షకు 65. ఇంకే వర్గంలోనూ అంత లేదు. ఈ రోజున ప్రాణాలు తీస్తున్నది ఎక్కువగా వీధిలో అమ్మే ఫెంటనిల్ అనే చాలా బలమైన మత్తుమందు. కానీ మా ప్రాంతంలో ఆ దారి మొదలైంది డాక్టర్ చీటీతో, మనలాంటి వాళ్ళు కౌంటర్ మీదుగా అందించిన కాగితం సంచీతో. అందుకే "పిచ్చి" అన్న మాట వింటే నాకు కోపం వస్తుంది. పిచ్చి అంటే వాళ్ళ లోపల పుట్టింది అని అర్థం. ఇది బయటినుంచి వచ్చింది, అదీ లేబుల్ అంటించుకుని వచ్చింది.

ఆక్సీకాంటిన్ అనే బలమైన నొప్పి మాత్ర 1996లో మార్కెట్లోకి దిగింది. మెల్లగా విడుదలయ్యే మాత్ర కాబట్టి అలవాటు పడే ప్రమాదం తక్కువ అని కంపెనీ మనుషులు డాక్టర్ల చుట్టూ తిరిగి చెప్పారు. ఆ రోజుల్లో అందరూ రుజువుగా చూపించింది 1980లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన ఐదు వాక్యాల ఉత్తరం. అది ఆసుపత్రిలో చేరి అక్కడ మందు తీసుకున్నవాళ్ళ గురించి. ఇంటికి తీసుకెళ్ళి నెలల తరబడి మింగేవాళ్ళ గురించి అందులో ఒక్క ముక్క లేదు. చివరికి 2007లో దాన్ని తయారుచేసిన పర్డ్యూ కంపెనీ తరఫున అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నారు, ఈ మందు ప్రమాదం గురించి తప్పుదోవ పట్టించామని. అప్పటికి 11 ఏళ్ళు గడిచిపోయాయి.

ఇప్పుడు ఆ మాత్ర మా వైపు ఊళ్ళలో ఎలా పాతుకుపోయిందో చూడండి. నిష్నాబే అస్కీ నేషన్ అని 49 ఫస్ట్ నేషన్స్ కలిసిన సమాఖ్య ఉంది. ఒంటారియో భూభాగంలో మూడింట రెండు వంతులు వాళ్ళ ప్రాంతమే. అందులో చాలా ఊళ్ళకు ఏడాది పొడుగునా తిరిగే రోడ్డు లేదు. సరస్సులు గడ్డకట్టాక కొన్ని వారాలు మంచు మీద దారి వేస్తారు, మిగతా రోజుల్లో చిన్న విమానమే దిక్కు. ఊళ్ళో నర్సింగ్ స్టేషన్ ఉంటుంది. డాక్టర్ అప్పుడప్పుడు వచ్చి కొన్ని రోజులుండి వెళ్తారు.

మోకాలు అరిగిపోయిన పెద్దాయన ఉన్నాడనుకోండి. స్కానింగ్ తీయాలంటే విమానం ఎక్కాలి. సర్జన్ను కలవాలంటే మళ్ళీ విమానం. తర్వాత ఆపరేషన్ కోసం నెలల కొద్దీ ఎదురుచూపు. ఫిజియోథెరపీ చేసేవాళ్ళు ఊళ్ళో ఉండరు. పంటి డాక్టర్ వచ్చేదాకా పన్ను సలపరం భరించాలి. వీటన్నిటి మధ్య సులువుగా, ఆలస్యం లేకుండా, పైసా ఖర్చు లేకుండా ఆయన చేతికి అందేది ఒక్కటే, మాత్ర. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్ ప్రజల మందుల ఖర్చు భరించే ఫెడరల్ పథకం ఉంది, అందరూ ఎన్.ఐ.హెచ్.బి. అంటారు. ఆక్సీకాంటిన్ ఆ జాబితాలో ఉండేది. పాపం ఆ నర్సుకీ, వచ్చిన డాక్టరుకీ చెడ్డ ఉద్దేశం లేదు. నొప్పితో మూలుగుతున్న మనిషికి ఇంకేమీ ఇవ్వలేని చోట ఉన్నదాన్నే ఇచ్చారు. వైద్యం రావలసిన చోటికి మందు ఒక్కటే వచ్చింది. నా దృష్టిలో మొత్తం కథకు మూలం ఇదే.

అమెరికాలోనూ ఇదే తీరు. అక్కడ మూలవాసులకు వైద్యం చేసే ప్రభుత్వ సంస్థ ఇండియన్ హెల్త్ సర్వీస్‌లో బయటి ఆసుపత్రులకు పంపే డబ్బు ఏడాది మధ్యలోనే అయిపోయేది. "జూన్ దాటాక జబ్బు పడకు" అనేది రిజర్వేషన్లలో, అంటే మూలవాసులకు కేటాయించిన ప్రాంతాల్లో, నానుడిగా మారిపోయింది. ప్రాణం మీదికి వస్తే తప్ప ఆపరేషన్‌కు డబ్బు రాదు. అప్పటిదాకా నొప్పి మాత్రలతో నెట్టుకురావాలి. చెరొకీ నేషన్ 2017లోనే మందుల పంపిణీ కంపెనీల మీద, పెద్ద ఫార్మసీ గొలుసుల మీద దావా వేసింది. 2022లో జాన్సన్ అండ్ జాన్సన్, మూడు పెద్ద పంపిణీ కంపెనీలు కలిసి అక్కడి మూలవాసీ తెగలకు 59 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. డబ్బు మంచిదే, కానీ మన పని దాంతో ముడిపడి లేదు కాబట్టి అది అక్కడితో వదిలేస్తాను.

ఇంకో సంగతి చెప్పకపోతే మీకు సగమే అర్థమవుతుంది. కెనడాలో సుమారు లక్షా 50 వేల మంది మూలవాసీ పిల్లలను తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసుకెళ్ళి రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టారు. సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. కొట్టడం, ఆకలి, లైంగిక హింస, ఇవన్నీ 2015లో సత్యశోధన కమిషన్ తన నివేదికలో రికార్డు చేసింది. చివరి స్కూళ్ళు మూతపడింది 1990ల చివర్లో. అంటే రేపు మీ కౌంటర్ ముందు నిలబడే యాభై, అరవై ఏళ్ళ మనిషి ఆ స్కూల్లో చదివి ఉండొచ్చు. ఓపియాయిడ్ మందు, అంటే ఆక్సీకాంటిన్, మార్ఫిన్ లాంటిది, మోకాలి నొప్పికీ, మనసులో నొప్పికీ తేడా చూడదు. రెండిటినీ మొద్దుబారుస్తుంది. ఒకావిడ నాతో అన్నారు, "మొదటి మాత్ర వేసుకున్న రోజే చిన్నప్పటి తర్వాత తొలిసారి రాత్రంతా పడుకున్నాను" అని. ఆవిడకు రాసింది వెన్నునొప్పికి.

కానీ ఆ నిద్ర ఎక్కువ రోజులు ఉండదు. ఫార్మసిస్టు కాబట్టి మీకు తెలుసు, కొన్ని వారాల్లోనే ఒళ్ళు అలవాటు పడుతుంది, అదే డోసు పనిచేయదు. మానితే ఆవలింతలు, ముక్కూ కళ్ళూ కారడం, ఒళ్ళంతా గగుర్పాటు, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు. ఇక్కడివాళ్ళు డోప్ సిక్ అంటారు. ఆ దశలో మాత్ర వేసుకునేది సుఖం కోసం కాదు, పొద్దున లేచి పిల్లలకు అన్నం పెట్టగలగడం కోసం. రోడ్డు లేని ఊళ్ళో ఒక్కో మాత్ర వందల డాలర్లకు అమ్ముడుపోయేది. ఆ డబ్బంతా పాలు, పిండి కొనాల్సిన డబ్బు.

2009లో నిష్నాబే అస్కీ నేషన్ ప్రిస్క్రిప్షన్ మందుల దుర్వినియోగం మీద అత్యవసర పరిస్థితి ప్రకటించింది. మా వైపు సూ లుకౌట్ పట్టణం ఆసుపత్రిలో కాన్పులు చేసే డాక్టర్లు లెక్క తీస్తే, గర్భిణుల్లో ఈ మందులు వాడుతున్నవాళ్ళు 2009లో 8.4 శాతం, 2010 మధ్యకల్లా 17.2 శాతం. 2012 జనవరిలో క్యాట్ లేక్ అనే ఊరు అత్యవసర పరిస్థితి ప్రకటించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే కంపెనీ పాత ఆక్సీకాంటిన్‌ను కెనడాలో ఆపేసి, చితక్కొట్టడానికి వీల్లేని కొత్త రకం తెచ్చింది. ఎన్.ఐ.హెచ్.బి. కూడా తన మామూలు జాబితా నుంచి తీసేసింది.

ఆ వారాలు నాకు బాగా గుర్తు. పైనుంచి చూసేవాళ్ళకు అది మంచి నిర్ణయం. కింద మా కౌంటర్ దగ్గర మాత్రం అలా లేదు. వేలమంది ఒంట్లో ఉన్న అలవాటు ఒక ఉత్తర్వుతో పోదు కదా. చికిత్సకు చోటు చూపించకుండా మందు ఆపేస్తే, మనిషి ఇంకోదాని దగ్గరికి వెళ్తాడు. మొదట హైడ్రోమార్ఫోన్ అనే ఇంకో నొప్పి మందు, తర్వాత ఒంటికి అంటించే ఫెంటనిల్ ప్యాచ్‌లు, ఆ తర్వాత ఏముందో తెలియని పొడి. మాత్రలో ఎంత మందు ఉందో లేబుల్ మీద రాసి ఉండేది. పొడికి లేబుల్ లేదు. ఏ డాక్టరైనా ఒక రోగికి ఏళ్ళ తరబడి ఇస్తున్న డోసును ఒక్కసారిగా తెంపమంటే, దయచేసి ఫోన్ తీసి మాట్లాడండి. మెల్లగా, మనిషితో మాట్లాడుకుంటూ తగ్గించాలి. ఆ ఒక్క ఫోన్ కాల్ విలువ మీకు ఎప్పటికీ కనబడకపోవచ్చు, కానీ చేయండి.

ఇంతవరకూ బాధే చెప్పాను. ఇప్పుడు నాకు ధైర్యం ఇచ్చిన విషయం. వీగమో సరస్సు దగ్గర నార్త్ కారిబూ లేక్ అనే ఊరుంది. అక్కడివాళ్ళు బాధితులను దూరపు డీఅడిక్షన్ కేంద్రానికి పంపే పద్ధతి కాదని, చికిత్సను ఊళ్ళోకే తెచ్చుకున్నారు. బ్యూప్రెనార్ఫిన్, నాలోక్సోన్ కలిసిన మాత్ర, మనం సబాక్సోన్ అనేది, మందు మానినప్పటి బాధను అదుపులో పెట్టే చికిత్స. దానికి తోడు ఊరి పెద్దల కౌన్సెలింగ్, సంప్రదాయ వైద్యం. ఎవరూ బలవంతం చేయలేదు. పెద్దవాళ్ళలో దాదాపు 40 శాతం మంది తమంతట తామే వచ్చి చేరారు. ఏడాది తర్వాత చూస్తే పోలీసు కేసులు 61 శాతం తగ్గాయి. పిల్లల సంరక్షణ కేసులు 58 శాతం తగ్గాయి. బడికి వచ్చే పిల్లలు మూడో వంతు పెరిగారు. ఫ్లూ టీకాలు వేయించుకునేవాళ్ళు మూడు రెట్లకు పైగా పెరిగారు. 2015లో ఇది వైద్య పత్రికలో వచ్చింది. అందులో నాకు అన్నిటికంటే నచ్చిన లెక్క ఊరి కిరాణా షాపుది. అమ్మకాలు దాదాపు 20 శాతం పెరిగాయి. ఎవరి ఇంట్లో డబ్బు మళ్ళీ దేనికి ఖర్చవుతోందో అంతకంటే సూటిగా ఏ పరీక్షా చెప్పలేదు.

దూరంగా పంపడం ఎందుకు మంచిది కాదో కూడా చెప్పాలి. మందులన్నీ మాన్పించి నెల తర్వాత ఇంటికి పంపితే, ఒంట్లో అలవాటు తగ్గిపోయి ఉంటుంది. ఊరికి వచ్చి పాత డోసు ఒక్కసారి వాడితే ఊపిరి ఆగిపోతుంది. "శుభ్రంగా తిరిగొచ్చాడు" అని అందరూ సంతోషపడిన వారంలోనే పోయినవాళ్ళు నాకు తెలుసు. అందుకే సబాక్సోన్, అలాంటిదే ఇంకో చికిత్స మందు మెథడోన్ వాడేవాళ్ళను "ఒక మత్తు వదిలి ఇంకో మత్తు పట్టుకున్నారు" అనే మాట మీ నోట రానివ్వకండి. మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఈ మాట చాలా వింటాను. షుగర్ ఉన్నవాళ్ళు ఇన్సులిన్ తీసుకుంటే అలా అనం కదా.

ఇక కౌంటర్ సంగతి. మొదట్లో మా షాపులో సబాక్సోన్ మాత్ర మా కళ్ళ ముందే వేసుకోవాలి అనే నియమం ఉండేది, ఇప్పటికీ మొదటి వారాల్లో చాలామందికి ఉంటుంది. నాలుక కింద పెట్టుకుని కరిగేదాకా ఉంచుకోవాలి, కొందరికి పది నిమిషాలు పడుతుంది. అంతసేపు మాట్లాడకూడదు, మింగకూడదు. మేము కుర్చీ ఎక్కడ వేశామో తెలుసా? కౌంటర్ పక్కనే, దగ్గు మందుల అర ముందు. బజారు జనమంతా అటే తిరుగుతారు. ఒక తాతగారు రోజూ వచ్చేవారు. టోపీ కళ్ళ మీదికి లాక్కుని, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, నేల చూస్తూ కూర్చునేవారు. అయిపోయాక నేను "నోరు తెరవండి, నాలుక ఎత్తండి" అనేదాన్ని, నిలబడి, పైనుంచి. రెసిడెన్షియల్ స్కూల్లో నోరు తెరిపించి సబ్బు కుక్కేవారని ఆయన తర్వాతెప్పుడో, ఏడాది గడిచాక చెప్పారు. ఆ రోజు నేను ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను. మర్నాడు కుర్చీని లోపలి చిన్న గదిలోకి మార్చాం, కిటికీ వైపు తిప్పి. ముందు ఒక గుక్క నీళ్ళు ఇస్తాం, నోరు తడిగా ఉంటే మాత్ర త్వరగా కరుగుతుంది. నేనూ పక్కన కూర్చుంటాను. చూడాల్సి వస్తే "చూడొచ్చా?" అని అడుగుతాను. మీ షాపులో ఆ కుర్చీ ఎక్కడుందో మొదటి రోజే చూసుకోండి.

"మందు పోయింది, ముందుగా కావాలి" అని వచ్చేవాళ్ళ గురించి మీకు ఎక్కువ టెన్షన్ ఉన్నట్టుంది. అబద్ధం చెప్పేవాళ్ళు ఉంటారు, ఏ ఊళ్ళోనైనా ఉంటారు. కానీ ఇక్కడ నిజమైన కారణాలు మీరు ఊహించనివి. మంచు తుఫానుకు విమానం రాలేదు, రెండు రోజులకని పట్టణానికి వచ్చిన మనిషి ఐదు రోజులు ఇరుక్కుపోయారు. ఊళ్ళో ఎవరో చనిపోయారు, అంత్యక్రియలకు అందరూ వెళ్ళిపోయారు. బ్యాగ్ వేరే విమానంలో వెళ్ళింది. కాబట్టి మొదటి మాట "ఎందుకు?" అని కాకుండా "ఎప్పుడు తిరిగి వెళ్తున్నారు?" అని అడగండి. జవాబులోనే సగం తెలిసిపోతుంది. మిగతాది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవచ్చు. ఒప్పుకోలేకపోతే గొంతు తగ్గించి, పక్కకు పిలిచి చెప్పండి. నేను ఒకసారి అందరి ముందూ గట్టిగా "ఇంకా ఆరు రోజులుంది" అన్నాను. ఆవిడ మళ్ళీ మా షాపుకు రాలేదు. బీపీ మందు కూడా మా దగ్గరే తీసుకునేవారు, అదీ మానేశారు.

అనుమానం ఎంతదాకా వెళ్తుందో చూడాలంటే జాయిస్ ఎషాక్వాన్ పేరు గుర్తుంచుకోండి. క్యూబెక్‌లో అతికమెక్ అనే ఫస్ట్ నేషన్ మహిళ, 37 ఏళ్ళు, ఏడుగురు పిల్లల తల్లి. 2020 సెప్టెంబర్‌లో కడుపునొప్పితో జోలియెట్ ఆసుపత్రిలో చేరారు. మత్తుమందు మానినందువల్ల గోల చేస్తోందని సిబ్బంది అనుకున్నారు. వాళ్ళు ఆమెను తిట్టడం ఆమె ఫోన్లోనే రికార్డయింది, ఫేస్‌బుక్‌లో లైవ్‌గా వెళ్ళింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆ రోజే చనిపోయారు. జాతి వివక్ష ఆ చావుకు ఒక కారణమని కరోనర్, అంటే చావుకు కారణం విచారించే అధికారి, తేల్చారు. మీ టొరంటో మిత్రులు సలహాగా చెప్పిన మాట ఉందే, ఆ ఆసుపత్రి గదిలో పనిచేసింది అదే.

గర్భిణుల విషయంలో ఇంకా మెత్తగా ఉండండి. బిడ్డను ప్రభుత్వం తీసుకెళ్ళిపోతుందని భయపడి చాలామంది గర్భాన్నీ, మందునూ రెండూ దాస్తారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, వాళ్ళ అమ్మమ్మలకు, అమ్మలకు అలాగే జరిగింది. గర్భంతో ఉండగా మందు ఒక్కసారిగా మానేయడం ప్రమాదం, చికిత్స మాత్ర కొనసాగించడమే మేలు అని వాళ్ళకు స్పష్టంగా చెప్పాలి. పుట్టిన బిడ్డ కొన్ని రోజులు కీచుగా ఏడవొచ్చు, వణకొచ్చు, పాలు సరిగ్గా తాగకపోవచ్చు. బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెట్టడం, పాలివ్వడం, చీకటిగా ప్రశాంతంగా ఉన్న గది, వీటితో చాలామంది పిల్లలు కుదుటపడతారు. ఒక కోకుం, అంటే అమ్మమ్మ, మనవరాలిని ఎత్తుకుని మా షాపుకు తెచ్చి చూపించారు. "మూడు వారాలు మేమే వంతులేసుకుని ఎత్తుకున్నాం, దింపలేదు" అన్నారు.

ఇదంతా విని నొప్పి మందులంటేనే భయం పెంచుకోకండి. మా నాన్న గుంటూరులో క్యాన్సర్‌తో పోయారు. ఆఖరి నెలలో మార్ఫిన్ కోసం మేము తిరగని చోటు లేదు, దొరకలేదు. నొప్పితో ఆయన పడ్డ అవస్థ నేను మరిచిపోలేను. మన దేశంలో ఆ మందు అవసరమైనవాళ్ళకు అందక ఏడ్చాం. ఇక్కడ వేరే వైద్యమేదీ అందక, అది ఒక్కటే అంది ఏడుస్తున్నారు. క్యాన్సర్ ఉన్న ఫస్ట్ నేషన్స్ మనిషికి కూడా "వీళ్ళు అలవాటు పడతారు" అని మందు తగ్గించి రాసిన చీటీలు నేను చూశాను. అలాంటిది వస్తే అప్పుడూ ఫోన్ చేయండి.

చేరిన మొదటి వారంలో చేయాల్సినవి కొన్ని. ఓవర్‌డోస్‌ను వెనక్కి తిప్పే నాలోక్సోన్ స్ప్రే కిట్లు ఒంటారియోలో ఫార్మసీల ద్వారా ఉచితం, అడిగినవాళ్ళకే కాకుండా బలమైన నొప్పి మాత్రలు తీసుకెళ్ళే ప్రతి ఇంటికీ ఇవ్వండి. "మీకని కాదు, ఇంట్లో పిల్లలు పొరపాటున మింగితే పనికొస్తుంది" అంటే ఎవరూ నొచ్చుకోరు. ఒక ముక్కులో కొట్టాక రెండు మూడు నిమిషాలు చూసి, లేవకపోతే రెండోది కొట్టాలని, ఈలోపు నోటితో ఊపిరి అందించాలని చేసి చూపించండి. మందు ప్రభావం గంటలోపే తగ్గిపోవచ్చు, మనిషి లేచి కూర్చున్నా ఒంటరిగా వదలొద్దని చెప్పండి. సాయం కోసం ఫోన్ చేసినవాళ్ళ మీద మత్తుమందు దగ్గరుందని కేసు పెట్టకుండా 2017 నుంచి చట్టం ఉంది, చాలామందికి తెలియదు, అదీ చెప్పండి. నెలకోసారి ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ ఇంజెక్షన్ 2018లో కెనడాలో అనుమతి పొందింది. రోజూ రాలేనివాళ్ళకు అది పెద్ద ఊరట. కాకపోతే ఫ్రిజ్‌లో ఉంచి పంపాలి. విమానం ఏ రోజు వెళ్తుందో, నర్సింగ్ స్టేషన్‌లో పెట్టె ఎవరు అందుకుంటారో పేరుతో సహా రాసి పెట్టుకోండి. జనవరిలో మైనస్ 35 ఉంటుంది, పెట్టె రన్‌వే మీద ఉండిపోతే మందు గడ్డకట్టొచ్చు. మా దగ్గర పైలట్‌కు ముందే ఫోన్ చేసి, దాన్ని క్యాబిన్‌లోనే పెట్టమని అడుగుతాం.

ఇక్కడి ఒజిబ్వే భాషలో "మీగ్వెచ్" అంటే థాంక్స్, ఆ మాట నేర్చుకుని రండి. ఆ తాతగారు ఇప్పటికీ వస్తారు, ఇంజెక్షన్‌కు మారారు, నెలకోసారి వస్తే చాలు. కానీ బీపీ మాత్రలకని వారానికోసారి వచ్చి, లోపలి గదిలో కిటికీ పక్కన ఆ కుర్చీలోనే కూర్చుని, సరస్సులో ఈ వారం ఏ చేప పడిందో చెప్పి వెళ్తారు. మీరు చేరాక ఏదైనా కేసులో ఎటూ తోచకపోతే రాయండి, రాత్రి షిఫ్ట్ అయ్యాక చూసి జవాబిస్తాను.